ఉప్పు పట్టిన కొలత

మొన్న మంగళవారం మా మనవరాలు నన్ను హనుమకొండలో దవాఖానకు తీసుకుపోయింది. మోకాళ్ళ నొప్పులకని పోతే, అక్కడి నర్సు పిల్ల ముందు బరువు చూసి, తర్వాత నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, నెత్తి మీద పలక ఒకటి దించి ఎత్తు చూసింది. మోకాళ్ళకూ నెత్తికీ ఏం సంబంధమో నాకైతే తెలియదు. పాత చీటీలో ఉన్న ఎత్తుతో పోల్చి చూసి, "అమ్మమ్మా, నువ్వు తగ్గినవ్" అని నవ్వింది. మా మనవరాలికి నవ్వు రాలేదు. "మనిషి ఎత్తు ఎట్ల తగ్గుతది? సరిగ్గ చూడున్రి" అని ఆ పిల్లతో తగువు పెట్టుకుంది. నేను మధ్యలో పడి, "తగ్గుతది బిడ్డా. ఉప్పు పట్టింది, గంతే" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తొంభై దాటిన ముసలిదానికి మతి కూడా కదిలిందనుకున్నారేమో, ఆటోలో ఇంటికొచ్చేదాకా మనవరాలు నా చెయ్యి వదల్లేదు.

ఆ మాట నాది కాదు, మా తోడికోడలిది. తోడికోడళ్ళంటే పొద్దున లేస్తే జుట్లు పట్టుకుంటారని లోకం అనుకుంటుంది. మాకు అంత తీరిక ఎక్కడిది? మా ఇద్దరికీ కలిపి మా అత్తమ్మ ఒక్కతే సరిపోయేది. నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చేనాటికి ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోంది, ఇక్కడ మాకు కిరోసిన్ దొరికేది కాదు. మేము క్రైస్తవులం. హనుమకొండలో కిరాయి ఇల్లు, ముందు ఎత్తయిన అరుగు, వెనక పెరడు, పెరట్లో చేదబావి. పెద్దకోడలిని నేను అక్క అనేదాన్ని. ఆమె భర్త, అంటే మా బావగారు, నిజాం సర్కారు చేపల శాఖలో చిన్న ఉద్యోగి. మా ఆయన బట్టల మిల్లులో షిఫ్టుల మీద పనిచేసేవాడు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోయేవాడు కనుక ఈ కథలో ఆయన గురక తప్ప ఇంకేమీ వినిపించదు.

బావగారి పని గురించి చెబితే మా పుట్టింటివాళ్ళు నమ్మలేదు. "చేపలు కొలుస్తడు" అని మా అమ్మతో అంటే, "తూకం వేస్తడా?" అని అడిగింది. తూకం కాదమ్మా, కొలతే అంటే, చేపకు అంగీ కుడతాడా అని మా నాయన ఎగతాళి. కానీ నేను కళ్ళారా చూసిన సంగతి ఇది. పొద్దున్నే బావగారు అరుగు మీద నున్నటి చెక్కపలక వేసుకుని, దాని మీద చేపను ఒక పక్కకు పడుకోబెట్టేవాడు. రెండు ముళ్ళ ఇత్తడి కంపాసు ఒకటుండేది. దాంతో మూతి కొస నుంచి తోక మొదలు దాకా ఒక కొలత, మూతి నుంచి మొప్ప అంచు దాకా ఒక కొలత, నడుము బాగా ఎత్తుగా ఉన్న చోట ఒక కొలత పట్టి, కంపాసును అట్లాగే తెచ్చి స్కేలు మీద ఆనించి అంకె రాసుకునేవాడు. ఆ సేపు ఊపిరి కూడా బిగబట్టేవాడు. మా వాడకట్టు పిల్లులన్నీ అరుగు కింద వరుసగా కూర్చుని ఆయన్ను భక్తిగా చూసేవి. కొలిచిన చేపలన్నీ చివరికి మా వంటింటికే వచ్చేవి కాబట్టి మేమూ భక్తిగానే చూసేవాళ్ళం.

కొత్తకోడలు బావగారితో ఎదురుగా మాట్లాడటం అప్పట్లో తప్పు. నాకేమో నోరు ఆగదు, ఇప్పటికీ ఆగదు. ఒకరోజు చెంబుతో నీళ్ళిస్తూ, "ఇన్ని కొలుస్తే ఏమొస్తది బావా?" అని అడిగేశాను. ఆయన కోప్పడతాడనుకుంటే, ఎన్నాళ్ళనుంచో ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నవాడిలాగా మొహం వికసించింది. "మీ పుట్టింటోళ్ళను పదిమందిని వరుసగ నిలవెడితే, ముక్కులు చూసి ఈళ్ళంత ఒక్క ఇంటోళ్ళని చెప్పొచ్చు గద. ఒక్కల ముక్కే చూస్తే చెప్పలేం. చేప గూడ గంతే. ఒక్కదాన్ని కొలిస్తే దాని సంగతే ఎరుకైతది. గంపెడు కొలిస్తే ఆ చెరువు సంగతి ఎరుకైతది. ఏ చెరువు చేపకు తల పెద్దది, ఏ చెరువు దానికి నడుము లావు, ఇవన్ని పక్కపక్కకు పెట్టి చూస్తే రెండు చెరువులల్ల ఉన్నది ఒక్క వంశమా, వేరే వంశమా చెప్పొచ్చు" అన్నాడు. చెప్పి నా ముక్కు వంక ఒక్క క్షణం ఎక్కువే చూశాడు. నేను కొంగుతో ముక్కు మూసుకుని లోపలికి పరిగెత్తాను. పెళ్ళికి ముందు నన్ను చూడటానికి వచ్చినప్పుడు కూడా ఆయన ఇంట్లో చెప్పిన మాట "తల, ఒళ్ళు సరిపాళ్ళల్ల ఉన్నయి" అనేదట. అక్క చెప్పి చెప్పి నవ్వేది.

అక్క నవ్వేది నాతోనే. వాళ్ళిద్దరి మధ్య నవ్వూ లేదు, పోట్లాటా లేదు. పిల్లలు కలగలేదు. అది ఒకరి మీద ఒకరు మోపుకోలేదు గానీ, మాటలు మాత్రం ఎక్కడో ఆగిపోయాయి. "అన్నం పెట్టమంటరా?" అని అక్క గోడను అడిగేది. "ఆఁ" అని బావగారు పుస్తకానికి చెప్పేవాడు. చేపల గురించి ఆయన వంటింటికి ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే: తను కొలిచేదాకా చేపకు కత్తి తగలకూడదు, పొలుసు తీయకూడదు, రెక్క చిరగకూడదు. ఎందుకో చెప్పలేదు, అక్క అడగలేదు. చెప్పింది మాత్రం తూచా తప్పకుండా పాటించేది. చేప ఒంటి మీద చిన్న గీత పడ్డా ప్రాణం పోయినట్టు చూసేది.

నేను వచ్చిన ఏడాది ఎండాకాలంలో బావగారికి ఒక పెద్ద పని అప్పజెప్పారు. మోసు అనే చేప ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది, పులుసుకు మంచిది. ఏటా తొలకరికి దాని పిల్లల్ని ఒక చెరువులో పట్టి కుండల్లో వేరే చెరువులకు మోసుకుపోయి వదిలేవారు. ఆ పిల్లలు ఎక్కువగా పాలంపేట దగ్గరి రామప్ప చెరువు నుంచే వచ్చేవి. అక్కడి మోసూ మా దగ్గరి హసన్‌పర్తి చెరువు మోసూ ఒకే వంశమా, కాదా, ఏది మేలైన వంశం అనేది కొలిచి తేల్చమని హైదరాబాదు నుంచి హుకుం వచ్చింది. తేల్చి చూపిస్తే బావగారి కచ్చా నౌకరి పక్కా అవుతుందని పైనున్న సాహెబు మాటిచ్చాడు. పక్కా అయితే ఇక ఎప్పుడు తీసేస్తారో అన్న భయం ఉండదు. అత్తమ్మ ఆ ఉద్యోగం కోసం ప్రతి ప్రార్థనలోనూ దేవుణ్ణి పేరు పెట్టి అడిగేది, మధ్యలో సాహెబు ఆరోగ్యం కోసం కూడా.

హసన్‌పర్తి గంప బుధవారాల్లో వచ్చేది. పొద్దున పట్టిన చేప ఎండ ముదరకముందే మా అరుగు మీద ఉండేది. బావగారు అప్పటికప్పుడే కొలిచేవాడు. పాలంపేట గంప సంగతి వేరు. అక్కడి చేపలవాళ్ళ పెద్దాయన ఒకాయన, పొడుగాటి మనిషి, తడిగోనెలో చుట్టి, బండీ బస్సూ పట్టుకుని తెచ్చేసరికి శనివారం పొద్దు గూకేది. అరుగు మీద వెలుగుండదు, లాంతరు వెలుగులో స్కేలు మీది సన్నగీతలు కనబడవు. తెల్లారితే ఆదివారం. మా ఇంట్లో ఆదివారం అంటే ఆదివారమే. అత్తమ్మ ఆ రోజు సూదిలో దారం కూడా ఎక్కించనిచ్చేది కాదు, కూర ముందునాడే వండుకోవాలి. సర్కారు పని అని బావగారు ఒకసారి గొణిగితే, "సర్కారు ఆరు దినాలు ఏలనీ, ఏడో దినం మనది గాదు" అని నోరు మూయించింది. కాబట్టి పాలంపేట చేపల కొలత ఎప్పుడైనా సోమవారమే.

మే నెల ఓరుగల్లు ఎండలు మీకు చెప్పాలా? చనిపోయిన చేప శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా నిలవాలి. బావగారు నీడన పెట్టమని చెప్పి తన పుస్తకంలో తలదూర్చేవాడు. ఇల్లు కంపు కొడితే, చేప కుళ్ళితే అనేది ఆయన ఆలోచనకు వచ్చినట్టే లేదు. చేప తాజాగా ఎట్లా ఉంటోంది అని ఏ మగవాడూ అడగడు గదా, ఉంటుంది అంతే. అక్క ఏం చేసేదంటే, ఆయన లోపలికి పోగానే గంపను పెరట్లోకి తెచ్చి, ఒక్కొక్క చేపకూ మొప్పల్లోనూ ఒంటికీ దొడ్డుప్పూ పసుపూ దట్టంగా పట్టించి, మట్టికుండలో పేర్చి, మీద మూతపెట్టి బరువుకు రాయి ఎత్తేది. సోమవారం ఇంకా చీకటి ఉండగానే తీసి, ఉప్పు పొడి కూడా మిగలకుండా బావి నీళ్ళతో కడిగి, మళ్ళీ తడిగోనెలో చుట్టి అరుగు మీద పెట్టేది. కత్తి తగల్లేదు, పొలుసు ఊడలేదు, రెక్క చిరగలేదు. ఆజ్ఞ ఎక్కడా మీరలేదు. దూరం నుంచి వచ్చిన చేపకు ఉప్పు పట్టించడమంటే మాకు వచ్చినవాళ్ళ కాళ్ళకు నీళ్ళిచ్చినంత మామూలు. నేనూ పక్కన కూర్చుని ఉప్పు అందించేదాన్ని, మా ఇద్దరికీ వేరే ఆలోచనే లేదు.

ఎండాకాలం సగమయ్యేసరికి బావగారి నడకే మారిపోయింది. కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతోందట. పాలంపేట మోసుకు ఒంటి పొడుగుతో చూస్తే తల పెద్దది, నడుము సన్నం. హసన్‌పర్తి మోసుకు తల చిన్నది, నడుము నిండుగా ఉంది. ఒకటీ అరా కాదు, వచ్చిన ప్రతి గంపలోనూ ఇంతే. పైగా పాలంపేట చేప కండ గట్టిగా ఉంటుందని కూడా రాసుకున్నాడు పాపం, అదీ ఆ వంశం గుణమే అనుకుని. పెద్ద తల, సన్న నడుము అంటే ఎదుగుదల లేని నాసిరకం వంశం అని లెక్క. ఇకమీదట దాని పిల్లల్ని వేరే చెరువుల్లో వేయకూడదు. హైదరాబాదుకు రాసి పంపాడు. సాహెబు మహా సంతోషపడి, నేనే వచ్చి నా కళ్ళతో చూసి హుకుం రాయిస్తానని జాబిచ్చాడు. అత్తమ్మ పక్కింటివాళ్ళందరికీ పక్కా నౌకరి వచ్చేసినట్టే చెప్పుకుంది.

సాహెబు వచ్చే ముందు శనివారం పాలంపేట పెద్దాయన ఎప్పటిలాగే గంప దించాడు. బావగారు మెత్తని మనిషి, విషయం దాచలేకపోయాడు. "పెద్దాయనా, ఇగ ఈ ఏడాదికెల్లి మీ దగ్గర పిల్లలు తీసుకోరేమో" అన్నాడు. పెద్దాయన తలపాగ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "మా చేపకు ఏమైంది సారు? మా తాతల కాన్నుంచి గదే చేప, గవే నీళ్ళు. వానకాలం ఆ కుండలు మోసుడే మా వాడకట్టుకు బువ్వ. అది వోతె కార్తెలన్ని ఏం తిని ఎల్లదీయాలె?" అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. బావగారు, "సోమారం సాహెబ్ వస్తాండు. నువ్వు గూడ రా, నీ మాట చెప్పుకో" అన్నాడు. పెద్దాయన ఆ రెండు రోజులూ హసన్‌పర్తిలో చుట్టాలింట్లో ఉంటానని పోయాడు. అక్క గుమ్మంలో నిలబడి వింది. "ఎంత మంచి చేప, నాసి అంటరేంది?" అని నాతో అంది, గంప పెరట్లోకి మోసుకుపోతూ. కుండ దింపి ఉప్పు తీసింది.

సోమవారం సాహెబు కాజీపేటలో రైలు దిగి టాంగాలో వచ్చాడు. బొద్దుగా, నెరిసిన గడ్డంతో, మర్యాదస్తుడు. చెక్కపలక ముందు తనే కూర్చుని, కంపాసు తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క చేపనూ కొలిచాడు. "బడా సర్, పత్‌లీ కమర్" అని మురిసిపోయాడు. అంటే పెద్ద తల, సన్న నడుము. పెద్దాయన వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి తన మాట చెప్పుకున్నాడు. బావగారు దాన్ని ఉర్దూలో చెబితే సాహెబు కోపం లేకుండానే విన్నాడు గానీ, కొలత ఇట్లా ఉంటే నేనేం చేసేది అన్నట్టు చేతులు విప్పి చూపించాడు. ఆయన చేతుల్లో ఉన్నది అబద్ధం కాదు మరి. చేప అట్లాగే ఉంది. కొలిచిన చేపలు ఎప్పటిలాగే వంటింటికి వచ్చాయి. అక్క పులుసు పెట్టింది.

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. సాహెబూ బావగారూ చాప మీద భోజనానికి కూర్చున్నారు. అక్క వంటింటి తలుపు వెనక, నేను ఆమె భుజం వెనక. పెద్దాయనకు అరుగు మీద విస్తరి వేశాం, కానీ ఆయన మెతుకు ముట్టలేదు. సాహెబు రెండు ముద్దలు తిని ఆగిపోయి, ఇంత ఎండలో, అంత దూరం నుంచి, శనివారం వచ్చిన చేప ఈ రోజు కూడా ఇంత బాగా ఎట్లా ఉంది, మీ ఇంటావిడను అడిగి చెప్పు, మా ఇంట్లో చెబుతాను అన్నాడు. అప్పుడు బావగారు తల తిప్పి వంటింటి వైపు చూసి, "ఏమే, సాహెబ్ అడుగుతాండు. చేప చెడకుంట ఎట్ల పెడుతున్నవ్?" అన్నాడు. గోడను కాదు, పుస్తకాన్ని కాదు, ఆమెనే చూసి అడిగాడు. నలుగురిలో తన పని గురించి మొగుడు అడగడం అక్కకు అదే మొదటిసారి. ఆమె మొహం వెలిగిపోయింది.

పూసగుచ్చినట్టు చెప్పింది పిచ్చితల్లి. "శనివారం గంప దిగంగనే ఉప్పు పసుపు పట్టిస్త. కుండల పేర్చి రాయి ఎత్తుత. సోమారం చీకట్లనే తీసి మంచిగ కడిగి గోనెల చుడుత. మీరు చెప్పినట్టే కత్తి పెట్టలే, పొలుసు తియ్యలే. ఉప్పుకు నీరంత దిగి కండ గట్టివడ్తది. నడుము జర సన్నవడ్తది గని, రుచి మాత్రం పోదు." ఆ మాట అంటూ ఉండగానే బావగారి చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. తల ఎముక, అది తగ్గదు. నడుము కండ, అది తగ్గుతుంది. పెద్ద తల, సన్న నడుము. చదువుకున్న మనిషికి అర్థం కావడానికి ఎంతసేపు? ఆయన మొహం చూసి అక్కకూ ఏదో జరిగిందని తెలిసింది.

సాహెబుకు తెలుగు రాదు. అన్నం, నీళ్ళు అన్న మాటలు తప్ప. "క్యా బోలీ?" ఏమందీ అని నవ్వుతూ అడిగాడు. మా ఇంట్లో అందరికీ అంతో ఇంతో ఉర్దూ వచ్చు కాబట్టి, బావగారు ఏం చెబితే అది మాకు తెలుస్తుంది, ఆయన చెప్పకపోతే మాత్రం సాహెబుకు ఎప్పటికీ తెలియదు. మీ దయ అంటోంది సాబ్ అంటే సరిపోయేది. హుకుం రాసేవాడు, నౌకరి పక్కా అయ్యేది, పాలంపేట పెద్దాయన గంప తీసుకుని పోయేవాడు. నేను నా మనసులో అబద్ధమే చెప్పాలని కోరుకున్నాను, మా ఇల్లు గదా. బావగారు అరుగు మీది పెద్దాయన వైపు చూడలేదు, అక్క వైపూ చూడలేదు. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, ఉర్దూలో మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. శనివారం, ఉప్పు, కుండ, ఆదివారం, సోమవారం కడగడం. మీద ఎత్తిన రాయిని కూడా వదల్లేదు.

సాహెబు మళ్ళీ పులుసు వేయించుకుని, నిదానంగా తిని, చెయ్యి కడుక్కున్నాక, "అయితే నీ దగ్గర రెండు వంశాలు లేవు. ఒక వంశమూ, కొంత ఉప్పూ ఉన్నాయి" అన్నాడు ఉర్దూలో. నవ్వాడో, బాధపడ్డాడో తెలియలేదు. ఈ ఏటికి పాలంపేట పిల్లల్ని ఆపవద్దని మాత్రం అక్కడే చెప్పి, టాంగా ఎక్కాడు. నౌకరి మాట ఎత్తలేదు. బావగారు అరుగు మీదికి పోయి, "పెద్దాయనా, నీ చేపకు ఏం కాలే. తప్పు మా ఇంట్ల జరిగింది" అన్నాడు. సంగతి విన్న పెద్దాయన, "ఉప్పు చేపకు పెట్టి శిచ్చ మాకు ఏస్తిరా సారు!" అని విస్తరి ముందుకు లాక్కుని, చల్లారిన పులుసే కమ్మగా తిన్నాడు.

అక్క పొయ్యి పక్కన మోకాళ్ళలో మొహం పెట్టుకుని కూర్చుంది. అత్తమ్మ తిట్టడానికి నోరు తెరిచింది, కానీ ఆదివారం పని వద్దన్నది తనే అన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, మూసుకుంది. ఎన్నడూ వంటింటి గడప తొక్కని బావగారు లోపలికి వచ్చి, పీట లాక్కుని అక్క ఎదురుగా కూర్చున్నాడు. "కత్తి పెట్టొద్దన్న గని, ఎందుకో చెప్పలే. చెప్తే నువ్వు ఉప్పు పెడుదువా?" అన్నాడు. "పెట్టకపోదును" అంది అక్క ఏడుస్తూ. "మరింకేంది? నేను కొలిచిందే చూసిన గని, కొలిచేముందు ఏం జరుగుతాందో చూడలే." "మీ నౌకరి ఏమైతది?" "కచ్చాగనే ఉంటది. ఉండనీ. నువ్వు ఏడువకు, నాకు చాత గాదు." ఆ చివరి మాటకు అక్క తలెత్తి ఆయన్ను చూసింది. నేను బయటికి వచ్చేశాను, అక్కడ నాకేం పని?

ఆ పక్కా నౌకరి ఇంకెవరికో పోయింది. బావగారికి బాధ లేదని చెప్పను. చాలా రోజులు గడ్డం గీసుకోలేదు. కానీ ఆ తర్వాతి శనివారం పెద్దాయన తెల్లవారుజామునే బయలుదేరి, పొద్దుండగానే గంప దించాడు. అరుగు మీద బావగారి ఎదురుగా అక్క కూర్చుంది. ఆమె చేప తోక సరిచేసి పట్టుకుంటే ఆయన కంపాసు పట్టేవాడు. కొన్నాళ్ళకు స్కేలు చదవడం ఆమెకే అప్పజెప్పాడు. చేపను పచ్చిగా ఒకసారి కొలిచేవారు, ఉప్పు పట్టించి సోమవారం మళ్ళీ కొలిచేవారు. పచ్చి కొలత, ఉప్పు కొలత అని అక్క పేర్లు పెట్టింది. పచ్చిగా కొలిస్తే రెండు చెరువుల మోసుకూ తేడా ఏమీ దొరకలేదు. అంత ఎండాకాలం కష్టపడి బావగారు కనిపెట్టింది తేడా లేదు అనే సంగతిని. దాన్ని అట్లాగే రాసి పంపాడు. గుడిలో పాస్టరుగారు ఉప్పు గురించి ప్రసంగం చేసినప్పుడల్లా అక్క తల దించుకునేది, బావగారు మగవాళ్ళ వరుసలో నుంచి తొంగి చూసి నవ్వేవాడు. ఇంట్లో గోడకూ పుస్తకానికీ ఇక పని లేకుండా పోయింది. ఒక్కోసారి వాళ్ళ ముచ్చట్లు ఆగక మా ఆయన నిద్ర చెడి విసుక్కునేవాడు.

తర్వాత ఎన్నో జరిగాయి. నిజాం పోయాడు, సర్కార్లు మారాయి, అత్తమ్మ పోయింది, నాకు పిల్లలు పుట్టి అక్క చేతుల మీదే పెరిగారు. బావగారికి ముసలితనంలో కడుపులో జబ్బు చేసింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చూస్తూ ఉండగానే మంచంలో కలిసిపోయాడు. ఆయన పోయిన రోజు శవపెట్టె చేయడానికి వడ్లాయన వచ్చి, పురికొస తీసి తల నుంచి పాదం దాకా, భుజం నుంచి భుజం దాకా పట్టాడు. మంచం పక్కన కూర్చున్న అక్క లేచి, ఆ పురికొస వడ్లాయన చేతిలో నుంచి తీసుకుంది. "గది ఉప్పు కొలత అన్నా. గా కొలతకు చెయ్యకు. పచ్చి కొలత నాకు ఎరుక" అంది. తనే పురికొసను జానెడు పొడుగు చేసి, భుజాల దగ్గర బెత్తెడు వెడల్పు చేసి ముడివేసి ఇచ్చింది. దుఃఖంలో ఆమెకు మతి తప్పిందనుకుని వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వడ్లాయన నా వైపు చూశాడు. "ఆమె చెప్పినట్టే చెయ్యి" అన్నాను. పెట్టె వదులైంది. ఆయన పక్కకు ఒరగకుండా అక్క తన చీరలు మడతలు పెట్టి రెండు పక్కలా కూర్చింది.

అక్క పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆమె పెట్టెకు పచ్చి కొలత చెప్పింది నేనే, వడ్లాయన కొడుక్కి. ఇప్పుడు మనవరాలు రోజూ పాలు తాగమంటోంది, బొక్కలకు బలం మాత్రలు తెచ్చింది, దవాఖానలో తగ్గిన ఎత్తు మాత్రలతో తిరిగొస్తుందని నమ్మకం పిచ్చిదానికి. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ అరుగు మీద నీళ్ళచెంబు పట్టుకుని నిలబడిన నన్ను, తల, ఒళ్ళు సరిపాళ్ళలో ఉన్న నన్ను చూసినవాళ్ళు ఈ ఓరుగల్లులో ఒక్కరూ లేరు. నిన్న రాత్రి అన్నాలయ్యాక మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను. విని, లేచి వెళ్ళి టేపు తెచ్చి, నా చేతిలో పెట్టి, "నీ పచ్చి కొలత ఎంతనో చూపియ్యి నానమ్మా" అంది. చూపించాను. కాలం మన ఒంటికి ఉప్పు పట్టిస్తూనే ఉంటుంది, దాని పని అది. అసలు కొలత తెలిసిన మనిషి ఒక్కరు మిగిలి ఉన్నంత కాలం మనం తగ్గినట్టు కాదు.